దుకాణం మూసినాక కొన్న ఆట ఎవరి సొత్తు?

పాత గేమింగ్ యంత్రాలకు ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు 2019 నుంచి ఒకదాని తరువాత ఒకటిగా మూతపడుతున్నాయి. టీవీకి తగిలించి గాని, చేత పట్టుకొని గాని ఆటలు ఆడుకోవడానికే తయారైన యంత్రాన్ని కన్సోల్ అంటారు. డిస్కుతో పనిలేకుండా ఇంటర్నెట్ ద్వారా డబ్బు చెల్లించి ఆటను నేరుగా యంత్రంలోకి దించుకునే దుకాణం ఇప్పటి కన్సోళ్ళన్నింటిలోనూ అమర్చి ఉంటుంది. నింటెండో కంపెనీ తన వీ యంత్రపు దుకాణాన్ని 2019 జనవరి 30న మూసివేసి, త్రీడీఎస్, వీ యూ యంత్రాల దుకాణాలలో అమ్మకాలను 2023 మార్చి 27న నిలిపివేయగా, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 దుకాణానికి 2024 జూలై 29న తాళం వేసింది. సోనీ కథ కొంచెం వేరు. ప్లేస్టేషన్ 3, పీఎస్‌పీ, వీటా దుకాణాలు మూడింటినీ ఎత్తివేస్తున్నట్టు 2021 మార్చిలో ప్రకటించిన ఆ కంపెనీ, ఆటగాళ్ళ నిరసనకు తలొగ్గి ఏప్రిల్‌లో మొదటిదానినీ చివరిదానినీ ఉంచుతామని చెప్పింది. పీఎస్‌పీ దుకాణాన్ని మాత్రం ఆ జూలైలో మూసింది. మిగిల్చిన రెండింటిలోనూ ఆ ఏడాది అక్టోబరు చివరి నుంచి కార్డుతో నేరుగా చెల్లించే వీలు తీసివేసింది.

గిట్టుబాటు కాని దుకాణాన్ని వ్యాపారి మూసుకోవడం వింతా కాదు, నేరమూ కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో కొన్న గొలుసు, అమ్మిన అంగడి రేపు ఎత్తివేసినా కొన్నవారి మెడలోనే ఉంటుంది. దానిని కూతురికి పెట్టడానికి గాని, కుదువ పెట్టడానికి గాని, మార్చి మరొకటి తీసుకోవడానికి గాని పాత అంగడివారి అనుమతి అక్కరలేదు. డౌన్‌లోడ్ రూపంలో కొన్న ఆటకు ఈ స్వేచ్ఛ ఏదీ లేదు. దానిని మరొకరికి అమ్మడానికి వీలుండదు, ఖాతాతో సహా బదిలీ చేయడాన్ని కంపెనీ షరతులు ఒప్పుకోవు, యంత్రం పాడైతే కొత్త యంత్రంలోకి దించుకోవడానికి అమ్మినవారి సర్వర్, అంటే ఆట ఫైళ్ళను దాచి అడిగినప్పుడు పంపే దూరపు కంప్యూటర్, బతికి ఉండాలి. రెండు కొనుగోళ్ళకూ డబ్బు ఒకే తీరున చేతులు మారుతుంది గాని, కొన్నవారి చేతికి వచ్చేది మాత్రం ఒకటి కాదు.

ఈ తేడాకు మూలం లైసెన్సు అనే ఏర్పాటు. సోనీ, వాల్వ్ వంటి కంపెనీల నిబంధనల పత్రాలలో సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం లేదనీ, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తున్నామనీ స్పష్టంగా రాసి ఉంటుంది; ఆ అనుమతినే లైసెన్సు అంటారు. ఖాతా తెరిచేటప్పుడు చివరిదాకా చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట నొక్కినవారందరూ ఆ షరతులకు కట్టుబడినట్టే లెక్క. తెర మీద పెద్ద అక్షరాలలో ‘కొనండి’ అనీ, పత్రంలో చిన్న అక్షరాలలో ‘ఇది అమ్మకం కాదు’ అనీ రెండు మాటలు పక్కపక్కనే చెప్పే వ్యాపారం మరే సరుకులోనూ ఇంత నిస్సంకోచంగా సాగదేమో.

దుకాణం మూతపడడమంటే కొన్న ఆట ఆ క్షణమే మాయం కావడం కాదు. నష్టం మెట్టుమెట్టుగా వస్తుంది. మొదట కొత్త అమ్మకాలు ఆగుతాయి, పాత కొనుగోళ్ళను మళ్ళీ దించుకునే వీలు మాత్రం మిగులుతుంది. త్రీడీఎస్, వీ యూ యంత్రాలు ప్రస్తుతం ఈ మెట్టు మీదే ఉన్నాయి, వాటికి ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో కలిసి ఆడే సదుపాయాన్ని కూడా నింటెండో 2024 ఏప్రిల్‌లో చాలావరకు ఆపివేసింది. తరువాతి మెట్టులో మళ్ళీ దించుకోవడం కూడా కుదరదు. కొనామీ సంస్థ 2014 ఆగస్టులో ఉచితంగా విడుదల చేసిన పీ.టీ. అనే భయానక ఆట ముక్కను 2015 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ దుకాణం నుంచి తొలగించినప్పుడు, అప్పటికే తీసుకున్నవారు సైతం ఒకసారి చెరిపేస్తే తిరిగి దించుకోలేని స్థితి వచ్చింది. అన్నిటికన్నా కఠినమైన మెట్టు మూడోది: యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆట, ఒంటరిగా ఆడేవారికి కూడా సర్వర్‌తో సంబంధం తప్పనిసరిగా ఉండేలా తయారైంది కనుక, 2024 మార్చి 31న ఆ సర్వర్‌ను ఆపగానే డిస్కు కొన్నవారి చేతిలో కూడా పనికిరాని ప్లాస్టిక్ బిళ్ళ మిగిలింది.

యంత్రం లోపల దాగిన ఆధారపడడం మరింత సూక్ష్మమైనది. ప్లేస్టేషన్ 4 లోపల తేదీ, సమయం తెలిపే గడియారాన్ని బతికించడానికి రూపాయి బిళ్ళంత గుండ్రని బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఏ గడియారాల అంగట్లోనైనా కొద్ది రూపాయలకు దొరికేదే. కొన్నేళ్ళకు ఆ బ్యాటరీ అయిపోతే యంత్రం సమయం మరచిపోతుంది, 2021 వరకు, మరచిన సమయాన్ని సోనీ సర్వర్‌ను అడిగి సరిచూసుకుంటే తప్ప ఆటలను తెరవనిచ్చేది కాదు. కొత్త బ్యాటరీ వేసినా ఆ సరిచూసుకోవడం తప్పేది కాదు కాబట్టి, సర్వర్లు ఎప్పుడో ఒకనాడు ఆగిపోతే ఊళ్ళో ఉన్న ప్లేస్టేషన్ 4 యంత్రాలన్నీ బ్యాటరీ చచ్చిన క్రమంలో ఒక్కొక్కటిగా మూలపడవలసిందేనని ఆటలను భద్రపరచడం గురించి ఆలోచించేవారు 2021లో పరీక్షించి చూపారు. సోనీ ఆ సెప్టెంబరులో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ సవరణతో ఈ చిక్కు తొలగింది. కంపెనీ తలచుకుంటే ఇలాంటి ముడి విప్పడం ఎంత తేలికో కూడా దీనితోనే తెలిసిపోయింది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో కన్సోల్ ఉన్న ఇళ్ళు తక్కువ. ఆట అంటే ఎక్కువమందికి చేతిలోని ఫోనే. అందువల్ల డిజిటల్ సొత్తు చేజారడం ఇక్కడి యువతకు తెలిసివచ్చింది నింటెండో వల్ల కాదు, పబ్‌జీ వల్ల. సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్‌జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో దాని సర్వర్లు భారతదేశానికి పూర్తిగా ఆగిపోయాయి. ఆట ఉచితమే అయినా, అందులో దుస్తులూ తుపాకుల రంగులూ కొనుక్కోవడానికి యూసీ అనే ఆట నాణేలను అసలు డబ్బుతో కొనవలసి ఉండేది. అలా కూడబెట్టిన సరంజామా ఆ రోజు నుంచి కళ్ళకు కనబడకుండా పోయింది. క్రాఫ్టన్ కంపెనీ 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో అదే ఆటను భారతదేశానికి తిరిగి తెచ్చినప్పుడు పాత ఖాతా వివరాలు మార్చుకోవడానికి అవకాశమిచ్చింది. 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైన 54 యాప్‌లలో ఫ్రీ ఫైర్ కూడా ఉన్నా, దాని జంట ఆట ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో అదే ఖాతా పనిచేయడంతో డైమండ్లు అనే ఆట నాణేలు కొన్నవారు గండం గడిచి బయటపడ్డారు. బీజీఎంఐ సైతం 2022 జూలైలో దుకాణాల నుంచి మాయమై 2023 మేలో మళ్ళీ వచ్చింది. మూడు సందర్భాలలోనూ సొమ్ము దక్కడం, దక్కకపోవడం కంపెనీ చేసిన ఏర్పాటును బట్టే తేలింది గాని, కొన్నవారి హక్కును బట్టి కాదు. ప్రభుత్వ ఆదేశం వల్ల ఆగిన సేవకు కంపెనీని తప్పుపట్టలేమన్న వాదన సబబే అనిపించినా, ఖర్చు కాకుండా మిగిలిన నాణేల విలువను తిరిగి ఇవ్వకపోవడానికి ఆ వాదన చాలదు.

డిజిటల్ ఆట సరుకా, సేవా, వట్టి అనుమతా అన్న ప్రశ్నకు భారతదేశంలో తొలి గట్టి జవాబు రావడానికి కారణం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కావడం ఆసక్తికరం. ఉమ్మడి రాష్ట్రంలో 1957 నాటి సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మిన తయారు సాఫ్ట్‌వేర్ మీద వాణిజ్య పన్నుల శాఖ పన్ను వేయగా, సాఫ్ట్‌వేర్ మేధోశ్రమే తప్ప చేతితో తాకగలిగే సరుకు కాదనీ, దానికి అమ్మకపు పన్ను వర్తించదనీ ఆ కంపెనీ వాదించింది. వివాదం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళింది. 2004 నవంబరు 5న వెలువడిన తీర్పులో అయిదుగురు న్యాయమూర్తులు, డిస్కు మీదకు ఎక్కించి బజారులో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే అవుతుందని తేల్చారు. తాకగలమా లేదా అన్నది గీటురాయి కాదనీ, ఒకరి నుంచి ఒకరికి చేర్చడానికి, దాచుకోవడానికి, అనుభవించడానికి, స్వాధీనంలో ఉంచుకోవడానికి వీలైనదేదైనా సరుకు కాగలదనీ ఆ తీర్పు సారాంశం. పన్ను రాబట్టుకోవడానికి రాష్ట్రం గెలుచుకున్న ఈ సూత్రాన్ని ఆ పన్ను కట్టిన వినియోగదారుల పక్షాన వాడే ప్రయత్నం మాత్రం బలంగా జరగలేదు.

తరువాతి తీర్పులూ ఇదే దారిలో నడిచాయి. ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో 2021 మార్చి 2న సుప్రీంకోర్టు, ఒప్పందానికి లైసెన్సు అన్న పేరు పెట్టినంత మాత్రాన సరిపోదనీ, లావాదేవీ అసలు స్వభావాన్ని చూడాలనీ చెప్పి, విదేశీ సంస్థల నుంచి కొన్న సాఫ్ట్‌వేర్‌కు చెల్లించినది కాపీహక్కుకు ఇచ్చిన రాయల్టీ కాదు, ఆ కృతి ఇమిడిన వస్తువుకు ఇచ్చిన ధర అని భావించింది. 2022 ఆగస్టులో క్విక్ హీల్ కేసులో, డబ్బాలో పెట్టి అమ్మిన వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ సీడీ సరుకే గాని సేవ కాదని చెప్పింది. ఇవన్నీ పన్ను కేసులు. వాటిని యథాతథంగా వినియోగదారు వివాదాలకు అతికించడం కుదరదు. పైగా సీడీ విషయంలో ఇంత స్పష్టత ఉన్నా, సీడీ లేకుండా దించుకున్న ఆటను వస్తు సేవల పన్ను చట్టం వేరే గాటన కట్టింది: ఇంటర్నెట్ ద్వారా అందే పుస్తకాలు, సినిమాలు, సంగీతం, సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ చట్టం దృష్టిలో ఆన్‌లైన్ సమాచార సేవలు, ఆటను విదేశీ కంపెనీ అమ్మినా 18 శాతం పన్ను ఇక్కడ కట్టవలసిందే. ఒకే ఆట డిస్కు మీద సరుకుగా, తీగ మీద సేవగా మారిపోవడంలో తర్కం వెతకడం వృథా. ఖజానాకు రెండు రూపాలూ సమ్మతమే.

అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దగ్గరికి వచ్చేసరికి ఈ మీమాంస చాలావరకు అవసరం లేకుండా పోతుంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం సరుకులకూ సేవలకూ రెండింటికీ వర్తిస్తుంది, ఈ-కామర్స్ నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులను పేరుపెట్టి మరీ చేర్చింది. ఆట సరుకైతే అందులోని లోపానికి, సేవ అయితే సేవాలోపానికి ఫిర్యాదు చేయవచ్చు. సరుకా సేవా అన్న భేదం నిజంగా అడ్డుపడేది వాడిన ఆటను తిరిగి అమ్ముకునే హక్కు దగ్గరే. ఈ చట్టంలో అంతకన్నా పదునైన ఆయుధం మరొకటి ఉంది. వినియోగదారు హక్కులను గణనీయంగా మార్చివేసే షరతులున్న ఒప్పందాన్ని అనుచిత ఒప్పందం అంటూ, అలాంటి షరతులకు ఉదాహరణగా, తగిన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే అధికారం ఒక పక్షానికి ఇచ్చే షరతును 2వ సెక్షన్ 46వ క్లాజు ప్రత్యేకంగా పేర్కొంది. ఏ క్షణానైనా, ఏ కారణం చేతనైనా, నష్టపరిహారం లేకుండా సేవను ఆపే హక్కు తమకుందని రాసుకున్న ఆట కంపెనీల నిబంధనలకు ఈ వాక్యం కొలతలు తీసి కుట్టినట్టు సరిపోతుంది. తయారీ ఆగి ఇరవై ఏళ్ళైన యంత్రానికి సర్వర్ నడపలేకపోవడం తగిన కారణమని వినియోగదారుల కమిషన్ అంగీకరించవచ్చు. డిస్కు కొన్నవారు ఒంటరిగా ఆడుకునే వీలు కూడా తీసివేయడానికి అదే కారణం చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న.

చిక్కల్లా ఆ ఆయుధం దొరికే చోటులో ఉంది. పులివెందుల వినియోగదారు మామూలు ఫిర్యాదును కడపలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు ఇవ్వవచ్చు. ప్రతివాది కంపెనీ ఎక్కడున్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే సౌకర్యం 34వ సెక్షన్ కల్పించింది, చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. కాని అనుచిత ఒప్పందం మీద ఫిర్యాదు వినే అధికారాన్ని చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు; ఒప్పందం విలువ పది కోట్లు దాటనంతవరకు దానికి తొలి మెట్టే రాష్ట్ర కమిషన్. ఆరువందల రూపాయల ఆట కోసం జిల్లా దాటి రాష్ట్ర కమిషన్ మెట్లెక్కే మనిషి ఉండడు. వినియోగదారు పోగొట్టుకునేది చిన్న మొత్తమే, కంపెనీకి మిగిలేది మాత్రం లక్షలాది చిన్న మొత్తాల కూడిక అన్న సంగతి చట్టం రాసినవారికి తెలియనిది కాదు గాని, ఈ ఒక్కచోట అది వారి లెక్కలోకి రాలేదు.

ఇందుకు విరుగుడు అదే చట్టంలో కొంత ఉంది. ఒకే రకమైన నష్టం పొందినవారు అనుమతి తీసుకొని ఉమ్మడిగా ఫిర్యాదు చేయవచ్చు. నమోదైన వినియోగదారుల సంఘం కూడా వారి తరఫున నిలబడవచ్చు. అంతకన్నా అందుబాటులో ఉన్న దారి, ఎక్కువమందికి తెలియని దారి, 17వ సెక్షన్‌లో ఉంది: వినియోగదారుల వర్గం మొత్తానికి హాని చేసే అనుచిత వ్యాపార పద్ధతి మీద ఫిర్యాదును నేరుగా జిల్లా కలెక్టరుకు ఇవ్వవచ్చు. భూమి తగాదాలు, పింఛన్లు, రేషన్ కార్డుల అర్జీలతో సోమవారం కడప కలెక్టరేట్‌కు వచ్చే జనం మధ్య ఆట సర్వర్ గురించి అర్జీ పట్టుకొని నిలబడడం నవ్వు తెప్పించే దృశ్యంలా తోచవచ్చు గాని, చట్టం దృష్టిలో అది నూటికి నూరుపాళ్ళు సక్రమమైన అర్జీ. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో నమోదు చేయించడం మొదటి మెట్టుగా తేలికైన పని.

విదేశీ కంపెనీ అన్న కారణంతో తప్పించుకోవడానికి కూడా ఇక్కడ పెద్దగా తావు లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు, భారతదేశంలో స్థాపితం కాకపోయినా ఇక్కడి వినియోగదారులకు క్రమబద్ధంగా సరుకులు, సేవలు అమ్మే సంస్థలకు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేసి, నెలలోగా పరిష్కరించే అధికారిని అవి నియమించుకోవాలి. వివాదాలన్నీ మధ్యవర్తి ముందే తేల్చుకోవాలన్న షరతు ఉన్నా వినియోగదారు కమిషన్ అధికారం పోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే స్పష్టం చేసింది. అయితే ‘ఇక్కడి వినియోగదారులకు అమ్మడం’ అన్న మాటలోనే నింటెండో అభిమానులు చిక్కుకుంటారు. త్రీడీఎస్, వీ యూ కాలంలో ఆ కంపెనీ భారతదేశానికంటూ ఆన్‌లైన్ దుకాణం తెరవలేదు; ఇక్కడివారు అమెరికా చిరునామాతో ఖాతా తెరిచి, అమెరికా గిఫ్టు కార్డులు సంపాదించి ఆటలు కొనేవారు. అలా దొడ్డిదారిన చేసిన కొనుగోలుకు స్వదేశపు చట్టం అండ కోరడం కష్టం.

గంటల లెక్కన పిల్లలను ఆడించే గేమింగ్ సెంటర్ల యజమానుల పరిస్థితి ఇంకా సున్నితమైనది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టం చెబుతూనే, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని వాడేవారిని ఆ మినహాయింపు నుంచి బయట ఉంచింది కాబట్టి, రెండు యంత్రాలతో చిన్న గదిలో సొంతంగా నడుపుకునేవారు ఫిర్యాదు చేయవచ్చు. కాని ఆటల లైసెన్సు సాధారణంగా సొంత వాడకానికే పరిమితం, డబ్బు తీసుకొని ఇతరులను ఆడించడానికి అనుమతించదు గనుక, ప్రతివాది న్యాయవాది ఎత్తే మొదటి అభ్యంతరం అదే అవుతుంది. ఇలాంటి చోట్ల డిస్కులకే ఇప్పటికీ గిరాకీ ఉండడానికి కారణం వెతకనక్కరలేదు: పాత డిస్కు ఇచ్చి, పైన కొంత వేసి మరొకటి తీసుకోవచ్చు, యాభై అరవై గిగాబైట్ల ఆటను దించుకోవడానికి నెట్ కోసం కాచుకునే పని ఉండదు.

ఇతర దేశాలలో డిజిటల్ ఆటల మీద వివాదం కొంత ముందుకు నడిచింది. వాల్వ్ కంపెనీ తన స్టీమ్ దుకాణంలో డబ్బు వాపసు చేయననడం మీద ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ వేసిన దావాలో అక్కడి ఫెడరల్ కోర్టు 2016లో, ఆ దేశపు చట్టం సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా లెక్కిస్తుంది కాబట్టి అమెరికా కంపెనీ కూడా దానికి లోబడాలని చెప్పి, 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2024 సెప్టెంబరులో చేసి 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న చట్టం, లైసెన్సు మాత్రమే ఇస్తున్నప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడడాన్ని నిషేధించింది. స్టీమ్ దుకాణంలో డబ్బు చెల్లించే చోట ఆ హెచ్చరిక కనబడుతున్నది అందువల్లనే. ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ ఆటలను తిరిగి అమ్ముకునే హక్కు కోసం పోరాడి 2019లో కింది కోర్టులో గెలిచినా, 2022లో పారిస్ అప్పీలు కోర్టులో ఓడిపోయింది. ది క్రూ మూసివేత తరువాత రాస్ స్కాట్ అనే వ్యాఖ్యాత మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం, అమ్మిన ఆటను మూసేటప్పుడు ఏదో ఒక రూపంలో ఆడుకునే స్థితిలో వదలాలని కోరుతూ యూరోపియన్ యూనియన్ పౌరుల నుంచి పది లక్షలకు పైగా సంతకాలు 2025 జూలైలోగా సేకరించింది. సర్వర్లను శాశ్వతంగా నడపమని ఆ ఉద్యమం అడగడం లేదు, ఆ మాట దాని విమర్శకులు తరచు మరచిపోతారు.

డబ్బు వాపసు అసాధ్యమేమీ కాదనడానికి గూగుల్ స్టేడియా సాక్ష్యం. ఆ ఆటల సేవను 2023 జనవరి 18న మూసివేసేటప్పుడు గూగుల్, తన దుకాణంలో కొన్న పరికరాల ధరనూ ఆటల ధరనూ కొన్నవారికి తిరిగి ఇచ్చింది. స్టేడియా మనదేశంలో నడవలేదు గనుక ఆ వాపసు ఇక్కడెవరికీ అందలేదు గాని, ఉదాహరణగా అది ఏ కమిషన్ ముందైనా చూపదగినదే.

ఆటలు పోవడంలో వినియోగదారుల నష్టంతో పాటు సంస్కృతి నష్టం కూడా ఉంది, తెలుగునేలకు అది దూరపు సంగతి కాదు. ప్లేస్టేషన్ 2 కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ఆటగా పేరుపొందిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించింది, కబడ్డీ, బిళ్ళంగోడు వంటి మన ఆటలను తెర మీదకు తెచ్చిన ‘దేశీ అడ్డా’ కూడా హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర తయారు చేసిందే. ఆటలుగా అవి గొప్పవేమీ కావు. మొదటిదాని మీద అప్పట్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. అయినా తెలుగు ఊళ్ళో కూర్చొని కన్సోల్ ఆట తయారుచేసిన తొలి తరం పని అది, డిస్కుల మీద వచ్చింది కాబట్టే పాత డిస్కుల బేరాలలో ఇంకా తారసపడుతుంది. అదే డౌన్‌లోడ్‌గా మాత్రమే వచ్చి ఉంటే, దుకాణంతో పాటే పోయేది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకం ప్రతిని కొలకతా జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని గ్రంథాలయాలకూ పంపవలసి ఉంటుంది. ఆటలకు అలాంటి విధి ఏదీ లేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన పరిశీలనలో, అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం బజారులో దొరకడం లేదని తేలింది.

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టి, చివికిపోతున్న తాళపత్రాలకు ప్రతులు రాయించడం ఈ జిల్లాకు చిరపరిచితమైన చరిత్ర; ఆయన పేరిట వెలసిన గ్రంథాలయం ఇప్పటికీ కడపలో ఉంది. ప్రతి తీయడానికి ఆయన ఎవరి లైసెన్సూ అడగనక్కరలేకపోయింది. నేటి ఆటకు ప్రతి తీయాలంటే కాపీహక్కు చట్టం ఎదురుపడుతుంది, అయితే మన చట్టం ఈ విషయంలో అనుకున్నంత కటువైనది కాదు. న్యాయంగా చేజిక్కిన కంప్యూటర్ ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా ప్రతి చేసుకోవడాన్ని 1957 నాటి కాపీహక్కు చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘన కాదంటుంది. ప్రతి తీయకుండా కంపెనీ బిగించిన డిజిటల్ తాళాన్ని పగలగొట్టడం 2012లో చేరిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలుశిక్షకు దారితీయగల నేరమే గాని, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో చేసినప్పుడే అది నేరం. చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం చేసినదాన్ని ఆ సెక్షన్ మినహాయించింది. ఇంటర్నెట్‌లో దొరికే దొంగ ప్రతులను దించుకోవడానికి ఈ మినహాయింపు వర్తించదు. తన డిస్కుకు తాను తీసుకున్న ప్రతికి వర్తిస్తుందని వాదించడానికి మాత్రం మంచి ఆధారం.

ఫిర్యాదు చేయదలచినవారికి 69వ సెక్షన్ రెండేళ్ళ గడువు పెట్టింది. గడువు లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నదే ఇలాంటి కేసులలో మొదటి తగాదా అవుతుంది: పన్నెండేళ్ళ కిందట కొన్న ఆటకు కొన్న తేదీ నుంచి లెక్కిస్తే గడువు ఎప్పుడో తీరిపోయినట్టు, ఆట అందకుండా పోయిన తేదీ నుంచి లెక్కిస్తే ఇంకా ఉన్నట్టు. వ్యాజ్య కారణం పుట్టిన తేదీ అన్న చట్టపు మాటను బట్టి రెండో లెక్కే న్యాయంగా కనబడుతుంది. ఆ తేదీని రుజువు చేయవలసింది మాత్రం ఫిర్యాదుదారే. కంపెనీ పంపిన మూసివేత నోటీసు, డబ్బు చెల్లించినట్టు బ్యాంకు చూపే వివరం, పన్ను వేసిన రసీదు, ఆట తెరుచుకోనప్పుడు తెర మీద వచ్చిన సందేశపు ఫొటో దగ్గర ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైన కొనుగోళ్ళ జాబితా ఖాతాలోనే, అంటే మూతపడబోయే సర్వర్‌లోనే ఉంటుంది కనుక, దానిని మూసివేత తేదీకి ముందే కాగితం మీద అచ్చు తీయించుకోవాలి.